కడుపులో మొండి బ్యాక్టీరియా, జేబుకి చిల్లు: 28,120 రూపాయలు పోయాక నాకు అర్థమైన విషయాలు

ఈ రోజు ఎపిసోడ్ కొంచెం పర్సనల్. ఎప్పుడూ జాబ్‌ల గురించి, జీతాల గురించి మాట్లాడే నేను ఈ రోజు నా కడుపు గురించి మాట్లాడబోతున్నా. నవ్వకండి. ఈ కడుపు వల్ల పదకొండు నెలల్లో నాకు 28,120 రూపాయలు పోయాయి. నా జీతం నెలకి 19,500. అంటే దాదాపు నెలన్నర జీతం.

ఇందులో బాధ కలిగించేది ఏంటంటే, ఆ డబ్బులో చాలా భాగం జబ్బు తినలేదు. నేను చేసిన తప్పులు తిన్నాయి. సగం కోర్సు, తొందరపడి చేయించుకున్న టెస్టు, ఒక లోన్ యాప్, ఇంకా ఇంట్లో చెప్పకుండా దాచడం. మీలో ఎవరికైనా రాత్రిపూట కడుపులో మంట వస్తుంటే, రోజూ గ్యాస్ గోళీ మింగి ఆఫీసుకి పోతుంటే, ఈ ఎపిసోడ్ మీ కోసమే.

ముందే ఒక మాట. నేను డాక్టర్‌ని కాదు. ఏ గోళీ ఎంత వేసుకోవాలో నేను చెప్పను, అది డాక్టర్ చెప్పాలి. నా దగ్గర ఉన్నది నా అనుభవం, డాక్టర్లు నాకు వివరించిన విషయాలు. అంతే.

అసలు ఎలా మొదలైంది

మాది సూర్యాపేట దగ్గర ఒక ఊరు. నేను హైదరాబాద్‌లో హాస్టల్‌లో ఉంటూ కస్టమర్ సపోర్ట్ జాబ్ చేస్తున్నా. నెలలో సగం రోజులు నైట్ షిఫ్ట్. రాత్రి రెండు గంటలకి, కడుపు ఖాళీగా ఉన్నప్పుడు, ఛాతీ ఎముక కింద ఎవరో అగ్గిపుల్ల గీసినట్టు మంట మొదలయ్యేది. రెండు బిస్కెట్లు తింటే తగ్గేది. మళ్లీ తెల్లారే సరికి వచ్చేది.

"హాస్టల్ తిండి, కారం, టెన్షన్, ఇంకేముంది" అన్నాడు మా రూమ్మేట్. నేనూ అదే అనుకున్నా. కింద మెడికల్ షాపుకి పోయి "అన్నా, గ్యాస్ గోళీ ఇవ్వు" అంటే ఒక స్ట్రిప్ ఇచ్చేవాడు. అది వేసుకున్నన్ని రోజులు బాగుండేది, ఆపగానే మళ్లీ మొదటికొచ్చేది. ఇలా ఐదు నెలలు గడిపా. గోళీలు, సిరప్‌లు కలిపి 1,800 అయింది.

తర్వాత దగ్గర్లో ఉన్న ఒక క్లినిక్‌కి వెళ్లా. రెండుసార్లు ఫీజు, బ్లడ్ టెస్టులు, కడుపు స్కానింగ్ అన్నీ కలిపి 2,900. రిపోర్టులన్నీ నార్మల్. ఇక్కడ మీకు తెలియాల్సిన విషయం ఒకటుంది. పొట్ట మీద చేసే అల్ట్రాసౌండ్‌లో పిత్తాశయంలో రాళ్లలాంటివి తెలుస్తాయి కానీ, జీర్ణాశయం లోపలి పొరలో ఉన్న చిన్న పుండు కనపడదు. నార్మల్ అని వచ్చింది కాబట్టి ఏమీ లేదు అనుకోవడం నా పొరపాటు.

చివరికి ఒక ప్రైవేట్ ఆస్పత్రిలో కడుపు డాక్టర్‌ని కలిశా. ఎండోస్కోపీ చేశారు. నోట్లోంచి సన్నని గొట్టం పంపి లోపల కెమెరాతో చూస్తారు. పది నిమిషాల పని, భయపడేంత ఏం లేదు. ఫీజుతో కలిపి 5,400. జీర్ణాశయం దాటాక చిన్న పేగు మొదలయ్యే చోట చిన్న పుండు ఉంది. లోపలి నుంచి చిన్న ముక్క తీసి టెస్ట్ చేస్తే హెచ్ పైలోరీ పాజిటివ్ అని వచ్చింది.

ఈ హెచ్ పైలోరీ ఏంటి

పూర్తి పేరు హెలికోబ్యాక్టర్ పైలోరీ. స్ప్రింగ్‌లాగా మెలి తిరిగి ఉండే బ్యాక్టీరియా. మన జీర్ణాశయంలో ఉండే ఆసిడ్‌లో మామూలుగా ఏ క్రిమీ బతకదు. ఇది మాత్రం యూరియేజ్ అనే ఎంజైమ్ తయారు చేసి, యూరియాని అమ్మోనియాగా మార్చి, తన చుట్టూ ఉన్న ఆసిడ్‌ని చప్పబరుస్తుంది. తర్వాత జీర్ణాశయం గోడ మీద ఉండే జిగురు పొరలోకి దూరి సెటిల్ అయిపోతుంది. సొంతిల్లు కట్టుకున్నట్టు అన్నమాట. వైద్యం చేయకపోతే చాలామందిలో ఏళ్ల తరబడి ఉండిపోతుంది.

ఇది ఎక్కువగా చిన్నప్పుడే, ఇంట్లో వాళ్ల నుంచి, లేదా శుభ్రంగా లేని నీళ్లు, తిండి ద్వారా వస్తుంది. మన దేశంలో చాలామందిలో ఉంటుంది, ఉన్నా ఎక్కువమందికి ఏ ఇబ్బందీ ఉండదు. కొందరికి మాత్రం పుండు పడుతుంది. అన్నేళ్లు ఆ వాపు అలాగే ఉంటే కొద్దిమందిలో జీర్ణాశయ క్యాన్సర్‌కి కూడా దారి తీయొచ్చు. 1994లోనే దీన్ని క్యాన్సర్ కారకాల జాబితాలో చేర్చారు. ఈ ముక్క గూగుల్‌లో చదివి నేను ఆ రాత్రి నిద్రపోలేదు. మీరు అలా భయపడకండి. ఇది ఉన్నవాళ్లలో ఎక్కువమందికి క్యాన్సర్ రాదు. వైద్యం చేయించుకుంటే ఆ రిస్క్ ఇంకా తగ్గుతుంది.

ఇంకో ఇంట్రెస్టింగ్ విషయం. ఒకప్పుడు డాక్టర్లు కూడా మా రూమ్మేట్ లాగే అల్సర్‌కి కారం, టెన్షన్ కారణం అనుకునేవాళ్లు. ఆస్ట్రేలియాలోని పెర్త్‌లో రాబిన్ వారెన్, బ్యారీ మార్షల్ అనే ఇద్దరు డాక్టర్లు 1982లో ఈ బ్యాక్టీరియాని పెంచి చూపించారు. అది కూడా ఈస్టర్ సెలవుల్లో ల్యాబ్‌లో ప్లేట్లు మామూలు కంటే ఎక్కువ రోజులు ఉండిపోవడం వల్ల పెరిగింది. ఎవరూ నమ్మకపోతే, 1984లో మార్షల్ ఆ బ్యాక్టీరియా కలిపిన ద్రావణాన్ని తనే తాగేశాడు. కొన్ని రోజులకే కడుపులో వాపు వచ్చింది. 2005లో ఆ ఇద్దరికీ నోబెల్ వచ్చింది.

కారం వల్ల మంట పెరగొచ్చు, కానీ నా పుండుకి అసలు కారణం కారం కాదు. అల్సర్‌కి ఇంకో పెద్ద కారణం పెయిన్ కిల్లర్స్. తలనొప్పి, నడుం నొప్పి అని డైక్లోఫెనాక్, ఐబుప్రోఫెన్ లాంటివి తరచుగా వేసుకునేవాళ్లు ఆ సంగతి డాక్టర్‌కి తప్పకుండా చెప్పండి.

నేను చేసిన తప్పులు

మొదటి తప్పు, సగం కోర్సు. డాక్టర్ 14 రోజులకి రాశారు. రెండు యాంటీబయాటిక్స్, ఒక ఆసిడ్ తగ్గించే గోళీ. మొత్తానికి 1,540 అన్నారు షాపులో. నెలాఖరు. "అన్నా, వారానికే ఇవ్వు, జీతం పడ్డాక మిగతావి తీసుకుంటా" అని 770 కట్టి వచ్చా. నాలుగో రోజుకే మంట పోయింది. ఆరో రోజు వికారం ఎక్కువైంది. మంట ఎలాగూ లేదు కదా అని ఆపేశా. మిగతా వారం గోళీలు కొననే లేదు.

మంట తగ్గింది అంటే బ్యాక్టీరియా పోయింది అని కాదండి. ఆసిడ్ గోళీ పని చేస్తోంది అని అర్థం. లోపల బలహీనమైన క్రిములు చచ్చి, మందుని తట్టుకున్నవి మిగులుతాయి. 770 మిగిల్చుకున్నా అనుకున్నా, దానికి పది రెట్లు పైనే కట్టా తర్వాత.

రెండో తప్పు, తొందరపడి టెస్ట్. గోళీలు ఆపిన పది రోజులకే ఒక ల్యాబ్‌కి వెళ్లి బ్రెత్ టెస్ట్ చేయించుకున్నా. ఒక ద్రావణం తాగి, కాసేపటి తర్వాత ఒక సంచిలోకి ఊదాలి. కడుపులో ఆ బ్యాక్టీరియా ఉంటే దాని ఎంజైమ్ ఆ యూరియాని విడగొడుతుంది, అది మన ఊపిరిలో తెలుస్తుంది. చాలా మంచి టెస్ట్. ఖర్చు 2,800. రిజల్ట్ నెగెటివ్! ఆ రాత్రి రూమ్‌లో అందరికీ బిర్యానీ తెప్పించా.

కానీ అది ఉత్తుత్తి నెగెటివ్. ఎందుకంటే నేను అప్పటికీ పాంటోప్రజోల్ వేసుకుంటూనే ఉన్నా. ఆ గోళీ వేసుకుంటున్నప్పుడు బ్యాక్టీరియా అణిగి ఉంటుంది, టెస్ట్‌కి దొరకదు. యాంటీబయాటిక్స్, బిస్మత్ ఆపి కనీసం నాలుగు వారాలు కావాలి. పాంటోప్రజోల్, ఒమెప్రజోల్ లాంటివి ఆపి రెండు వారాలు కావాలి. అప్పుడు చేసిన టెస్టే నమ్మదగినది. మామూలు మలం టెస్టుల్లో స్టూల్ యాంటిజెన్ అని ఒకటుంది, దానికీ ఇదే రూల్. ఆసిడ్ గోళీ ఎప్పుడు ఆపాలో మాత్రం డాక్టర్‌నే అడగండి, పుండు ఉన్నవాళ్లు సొంతంగా ఆపకూడదు.

మూడో తప్పు, పాత చీటీ పారేయడం. రెండు నెలలకి మంట తిరిగొచ్చింది. పెద్దాస్పత్రికి పోవడానికి సిగ్గేసింది, వాళ్లు రాసిన కోర్సు వాడలేదు కదా. అందుకని వేరే డాక్టర్ దగ్గరికి వెళ్లా. ఇంతకుముందు ఏం వాడావు అని అడిగితే, "ఏవో యాంటీబయాటిక్స్ సార్, పేరు గుర్తులేదు" అన్నా. రక్తంలో యాంటీబాడీ టెస్ట్ చేశారు, పాజిటివ్. దాంతో మళ్లీ కోర్సు. ఫీజు, టెస్ట్, మందులు కలిపి 2,900. తర్వాత ఫోన్‌లో ఫొటోలు వెతికితే తెలిసింది, మొదటిసారి ఇచ్చిన క్లారిత్రోమైసిన్ అనే మందే మళ్లీ ఇచ్చారు. ఒకసారి ఫెయిలైన ఆ మందు రెండోసారి పని చేసే అవకాశం చాలా తక్కువ. అందుకే మళ్లీ అదే ఇవ్వకూడదు అంటారు. పాపం ఆయనకి ఎలా తెలుస్తుంది, నేను చెప్పలేదు కదా.

ఆ రక్తం టెస్ట్ సంగతి కూడా వినండి. ఇన్‌ఫెక్షన్ పోయాక కూడా యాంటీబాడీలు నెలలు, ఏళ్లు రక్తంలో ఉంటాయి. కాబట్టి ఆ టెస్ట్ చూసి "ఇప్పుడు ఉందా, పోయిందా" అని చెప్పలేం. మందులు వాడాక పోయిందో లేదో చూడటానికి అది పనికిరాదు.

అప్పు, అబద్ధం

ఈ పదకొండు నెలల్లో జీతం లేని సెలవులు 9 రోజులు పెట్టా. రోజుకి 650 చొప్పున 5,850 కట్. ప్రతి నెలా ఇంటికి పంపే 5,000 పంపలేకపోయా. అమ్మకి "ఈ నెల కంపెనీలో జీతాలు లేట్ అయినయ్" అని చెప్పా. తర్వాతి నెల ఇంకో అబద్ధం.

అప్పుడే ఫోన్‌లో ఒక లోన్ యాప్ యాడ్ వచ్చింది. ఐదు నిమిషాల్లో 15,000. చేతికొచ్చింది 12,600. మిగతా 2,400 ప్రాసెసింగ్ ఫీజు అట. ఒక వాయిదా లేట్ అయ్యేసరికి ఫోన్లు మొదలయ్యాయి. ఒక రోజు మా టీమ్ లీడర్‌కి కూడా ఫోన్ చేశారు. ఇన్‌స్టాల్ చేసేటప్పుడు కాంటాక్ట్స్‌కి అనుమతి ఇచ్చింది నేనే కదా. మొత్తం కట్టేసరికి 18,300 అయింది. చేతికొచ్చిన దాని మీద 5,700 ఎక్కువ.

లోన్ తీసుకునే ముందు నాకు తెలిసుంటే బాగుండేది అనిపించే విషయాలు చెప్తా. రిజర్వ్ బ్యాంక్ రూల్స్ ప్రకారం లోన్ యాప్‌లు మన కాంటాక్ట్స్, కాల్ లిస్ట్, ఫొటోలు చూడకూడదు. లోన్ ఇచ్చే ముందే ఫీజులన్నీ కలిపి ఏడాదికి ఎంత శాతం పడుతుందో ఒక కాగితంలాగా చూపించాలి. కాంటాక్ట్స్ అడిగిందంటే అది మంచి యాప్ కాదు, అక్కడే ఆగిపోండి. బెదిరిస్తే 1930 నంబర్‌కి ఫోన్ చేసి సైబర్ క్రైమ్ వాళ్లకి కంప్లైంట్ ఇవ్వొచ్చు.

చివరి వాయిదాలు కట్టలేక నేను ఇంటికి వెళ్లా. అమ్మకి మొత్తం చెప్పా. తిడుతుంది అనుకున్నా. కాసేపు ఏం మాట్లాడలేదు. తర్వాత, "గింత జరిగితే నాకెందుకు చెప్పలే బిడ్డా? పైసలు ఇయ్యాల పోతయ్, రేపు వస్తయ్. కడుపుల పుండు పెట్టుకొని నవ్వుకుంట ఫోన్ మాట్లాడినవా?" అంది. మర్నాడు మహిళా సంఘంలో అప్పు తీసుకుని యాప్ అప్పు మొత్తం తీర్చేసింది. ఇప్పుడు ఆ సంఘం వాయిదా నెలకి 1,500 నేను పంపుతున్నా.

యాప్‌కి దండం పెట్టే ముందు ఇంట్లో ఒక మాట చెప్పుంటే సరిపోయేది. ఇది మీకు సినిమా డైలాగ్‌లా అనిపించొచ్చు. కానీ నాకు మాత్రం దాని విలువ 5,700.

పే స్లిప్‌లో 147 రూపాయలు

ఇక అసలు మలుపు. సంఘం అప్పు కోసం అమ్మ వాళ్లకి నా జీతం కాగితం చూపించాల్సి వచ్చింది. ఫోన్‌లో పే స్లిప్ తెరిచా. సంఘంలో ఒక అక్క చూసి, "ఈఎస్ఐ కట్ అవుతుంది కదా తమ్మీ, మరి బయట ఎందుకు చూపించుకున్నవ్?" అంది. ఆవిడ భర్త ఫ్యాక్టరీలో చేస్తాడు.

నెలకి 147 రూపాయలు. రెండేళ్లుగా కట్ అవుతోంది. అదేదో పీఎఫ్ లాంటిది అనుకున్నా నేను. ఎప్పుడూ అడగలేదు.

ఈఎస్ఐ అంటే ఉద్యోగుల కోసం కేంద్ర ప్రభుత్వం నడిపే బీమా. జీతం నెలకి 21,000 లోపు ఉంటే, మీ కంపెనీ దీని కిందికి వస్తే, మీ జీతంలో 0.75 శాతం కట్ అవుతుంది. కంపెనీ ఇంకో 3.25 శాతం కడుతుంది. బదులుగా మీకు డాక్టర్, టెస్టులు, మందులు, అవసరమైతే ఆపరేషన్, అన్నీ ఉచితం. ఇక్కడే పెద్ద తేడా ఉంది. మామూలు హెల్త్ ఇన్సూరెన్స్ చాలావరకు ఆస్పత్రిలో అడ్మిట్ అయితేనే డబ్బులిస్తుంది. ఆరోగ్యశ్రీ కూడా ప్రధానంగా ఆస్పత్రిలో చేరి చేయించుకునే చికిత్సలకే. నాలాంటి రోగానికి అడ్మిషన్ ఉండదు. ఫీజు, ఎండోస్కోపీ, గోళీలు, టెస్టులు అన్నీ జేబులోంచే పోతాయి. ఈఎస్ఐలో మాత్రం ఓపీ వైద్యం కూడా ఉంటుంది.

అంతే కాదు. జబ్బు వల్ల సెలవు పెడితే, ఈఎస్ఐ డాక్టర్ సర్టిఫికెట్ ఇస్తే, జీతంలో 70 శాతం లెక్కన ఏడాదికి 91 రోజుల వరకు డబ్బులు వస్తాయి. దానికి కొన్ని కండిషన్లు ఉన్నాయి, ఆరు నెలల్లో కనీసం 78 రోజులకి చందా కట్టి ఉండాలి లాంటివి. నేను తొమ్మిది రోజులు ఊరికే పోగొట్టుకున్నా.

ఏం చేయాలి అంటే, పే స్లిప్ తెరవండి. ఈఎస్ఐ అని కట్ అవుతుందేమో చూడండి. అవుతుంటే మీ హెచ్ఆర్‌ని ఇన్సూరెన్స్ నంబర్, కార్డు ప్రింట్ అడగండి. మీకు ఏ డిస్పెన్సరీ కేటాయించారో దాని మీద ఉంటుంది. ఆధార్ పట్టుకుని ముందు అక్కడికి వెళ్లాలి. పెద్ద డాక్టర్ కావాలంటే వాళ్లే రెఫర్ చేస్తారు. నన్ను సనత్‌నగర్ ఈఎస్ఐ ఆస్పత్రికి పంపారు. పొద్దున్నే వెళ్లాలి, లైన్‌లో నిలబడే ఓపిక ఉండాలి. ఆ పూటకి సెలవు పెట్టుకోండి.

ఈఎస్ఐ లేనివాళ్ల సంగతేంటి? డెలివరీ చేసేవాళ్లు, చదువుకునేవాళ్లు ఉంటారు. హైదరాబాద్‌లో ఉస్మానియా, గాంధీ, విశాఖలో కేజీహెచ్ లాంటి పెద్ద ప్రభుత్వ ఆస్పత్రుల్లో కడుపు జబ్బులకి ప్రత్యేక విభాగం ఉంది. మందులు బయట కొనాల్సి వస్తే జన ఔషధి షాపులో అడగండి. బ్రాండ్ పేరు కాకుండా మందు అసలు పేరు రాసివ్వమని డాక్టర్‌నే అడగొచ్చు, తప్పేం లేదు. "సార్, ఇంత కట్టలేను, తక్కువలో ఏముంది?" అని అడగడానికి సిగ్గుపడకండి. నేను సిగ్గుపడి వారానికి మాత్రమే కొన్నాను, ఏమైందో చూశారుగా.

196 గోళీలు

కొత్త డాక్టర్ మేడమ్ ముందు మందు రాయలేదు. ప్రశ్నలు అడిగారు. ఇంతకుముందు ఏమేం వాడావు? జలుబు చేస్తే అజిత్రోమైసిన్ వేసుకుంటావా? మోషన్స్ అయితే మెట్రోనిడజోల్ వేసుకుంటావా? నేను నవ్వేశా. మన ఇళ్లలో గొంతు గరగర అంటే మూడు గోళీల అజిత్రోమైసిన్ స్ట్రిప్, కడుపు చెడితే ఇంకో స్ట్రిప్, చీటీ లేకుండానే.

మేడమ్ నవ్వలేదు. "అజిత్రోమైసిన్, నీకు రెండుసార్లు ఇచ్చిన క్లారిత్రోమైసిన్ రెండూ ఒకే కుటుంబం. దీనికి అలవాటు పడిన బ్యాక్టీరియాకి దాన్ని తట్టుకోవడం కూడా వచ్చేస్తుంది" అన్నారు. అంటే నా బ్యాక్టీరియా మొండిది కావడానికి ఆ జలుబు గోళీలు కూడా కారణం కావొచ్చు. ఆ మాట నాకు గట్టిగా తగిలింది.

ఈసారి నాలుగు మందుల కోర్సు రాశారు. ఆసిడ్ తగ్గించేది, బిస్మత్, టెట్రాసైక్లిన్, మెట్రోనిడజోల్. మెట్రోనిడజోల్‌కి కూడా మన దగ్గర బ్యాక్టీరియా బాగా అలవాటు పడింది కదా అని అడిగా. బిస్మత్‌తో కలిపి, సరైన మోతాదులో, పూర్తిగా 14 రోజులు వాడితే అలాంటి కేసుల్లో కూడా చాలావరకు పని చేస్తుంది అన్నారు. నాకు రోజుకి 14 గోళీలు పడ్డాయి. 14 రోజులు. మొత్తం 196. ఇన్ని గోళీలు ఎవరికైనా కష్టమే. నేను ఎలా లాగించానో చెప్తా.

ఫోన్‌లో నాలుగు అలారాలు పెట్టా. ప్రతి అలారానికి ఏ గోళీలో పేరు రాసి పెట్టా. ఆదివారం కూర్చుని వారానికి సరిపడా చిన్న కవర్లలో సర్దుకున్నా. పాలు, పెరుగు, క్యాల్షియం, ఐరన్ గోళీలు టెట్రాసైక్లిన్‌తో కలిపి తీసుకుంటే ఆ మందు సరిగా ఒంటికి పట్టదు, అందుకని వాటికీ దీనికీ మధ్య గ్యాప్ ఇచ్చా. మెట్రోనిడజోల్ వాడుతున్నన్ని రోజులు ఆల్కహాల్ పూర్తిగా బంద్. నోరంతా ఇనుము నాకినట్టు ఉండేది. వికారం ఉండేది. ఆరో రోజు మళ్లీ ఆపేయాలనిపించింది. ఈసారి ఆపకుండా డాక్టర్‌కి చెప్పా, వికారానికి ఒక గోళీ ఇచ్చారు. అంతే, అంత చిన్న పరిష్కారం.

నాలుక, మలం నల్లగా మారాయి. అది బిస్మత్ వల్ల, భయం లేదు. కానీ ఒక తేడా గుర్తుపెట్టుకోండి. బిస్మత్ వాడకుండానే మలం తారులాగా నల్లగా, జిగటగా, బాగా వాసనగా వస్తే, లేదా రక్తం వాంతి అయితే, కళ్లు తిరిగితే, అది లోపల రక్తం కారుతోందనే సూచన. మందు వాడుతున్నా సరే, మలం తారులా జిగటగా వచ్చి కళ్లు తిరుగుతుంటే అది బిస్మత్‌లే అని ఊరుకోకండి. వెంటనే ఆస్పత్రికి వెళ్లాలి, డబ్బు లెక్కలు తర్వాత. కారణం లేకుండా బరువు తగ్గడం, మింగేటప్పుడు అడ్డుపడటం, ఇంట్లో ఎవరికైనా జీర్ణాశయ క్యాన్సర్ వచ్చి ఉండటం, ఇవి ఉన్నా ఆలస్యం చేయొద్దు. టెట్రాసైక్లిన్ గర్భిణులకి, చిన్న పిల్లలకి ఇవ్వరు, కాబట్టి నా కోర్సు చూసి ఎవరూ సొంతంగా కొనుక్కోకండి.

కోర్సు అయ్యాక ఆగా. ఈసారి లెక్క ప్రకారం, డాక్టర్ చెప్పిన తేదీకి టెస్ట్ చేయించుకున్నా. నెగెటివ్. బిర్యానీ తెప్పించలేదు, అమ్మకి ఫోన్ చేశా.

లెక్క చూసుకుందాం

మెడికల్ షాపు గోళీలు 1,800. క్లినిక్, స్కానింగ్ 2,900. ఎండోస్కోపీ 5,400. సగం కోర్సు 770. తొందరపాటు బ్రెత్ టెస్ట్ 2,800. రెండో కోర్సు 2,900. పోయిన జీతం 5,850. లోన్ యాప్‌కి అదనంగా 5,700. మొత్తం 28,120.

ఆ తర్వాత ఈఎస్ఐలో జరిగిన వైద్యానికి నాకు అయిన ఖర్చు బస్ చార్జీలు. ఈ రెండో లెక్క మొదటి రోజు నుంచీ నా పే స్లిప్‌లోనే ఉంది. చూడలేదు, అంతే.

అందుకే మీకు చెప్పేది. ఫోన్‌లో ఒక ఆల్బమ్ చేసుకోండి, ప్రతి చీటీ, ప్రతి రిపోర్ట్, ప్రతి మందు స్ట్రిప్ వెనకవైపు ఫొటో అందులో పెట్టండి. కోర్సు మొదలుపెట్టే ముందే పూర్తి 14 రోజుల డబ్బు ఉందా చూసుకోండి. లేకపోతే ఆ మాట డాక్టర్‌కి చెప్పండి. కోర్సు అయ్యాక పోయిందో లేదో సరైన టైమ్‌లో టెస్ట్ చేయించుకోండి.

చివరగా ఒక్క విషయం. ఈఎస్ఐలో మన మీద ఆధారపడిన అమ్మానాన్నలకి కూడా వైద్యం ఉంటుంది, వాళ్ల ఆదాయానికి ఒక పరిమితి ఉంది. మా అమ్మకి పదేళ్లుగా కడుపులో మంట. జీలకర్ర నీళ్లు తాగి పడుకునేది. ఎవరికీ చెప్పేది కాదు. నేను దాచడం ఎక్కడ నేర్చుకున్నానో అప్పుడు అర్థమైంది. పోయిన నెల నా కార్డులో పేరు ఎక్కించి తీసుకెళ్లా. ఆమెకి కూడా పాజిటివ్. ఈ రోజు కోర్సులో తొమ్మిదో రోజు. రోజుకి నాలుగుసార్లు నేనే ఫోన్ చేసి, "అమ్మా, వేసుకున్నవా?" అని అడుగుతున్నా. "ఏసుకున్న బిడ్డా, నోరు చేదు చేదు ఉంది" అంటుంది. "ఇంకా ఐదు రోజులే" అంటున్నా.

అదండీ సంగతి. ఇప్పుడు వీడియో ఆపేసి ఒక్క పని చేయండి. మీ పే స్లిప్ తెరిచి చూడండి. వచ్చే ఎపిసోడ్‌లో కలుద్దాం. ఉంటా మరి, నమస్తే.